పిల్లల ఆసుపత్రి కోసం డ్యాన్సు చేస్తే తప్పేమిటి?

మొన్న శనివారం నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో పాతకాలపు నృత్య సాయంత్రం పెట్టారు. టికెట్టు 500 రూపాయలు, వసూలైన డబ్బు పిల్లల ఆసుపత్రికి. 1960ల నాటి ముస్తాబుతో రావాలన్నారు. అమ్మా నేనూ వెళ్లాం. మర్నాడు పాల ప్యాకెట్టు కోసం బయటికి వస్తే మా వీధి పెద్దాయన ఒకరు ఆపి, "ఏమమ్మా, అక్కడ పసిబిడ్డలు అల్లాడుతుంటే మీకు డ్యాన్సులు కావలసివచ్చాయా? ఆ డబ్బేదో నేరుగా ఇచ్చి రావచ్చు కదా" అన్నారు. పెద్దవారని అప్పుడు ఊరుకున్నాను. రెండు రోజులైనా ఆ మాట నన్ను వదలడం లేదు.

పిల్లల వార్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడేళ్ల క్రితం మా బాబుకు పుట్టిన మూడో రోజున కామెర్లు ముదిరితే నీలం దీపాల కింద పడుకోబెట్టారు. ఒంట్లో పేరుకున్న పసుపును ఆ వెలుతురు విరిచి బయటికి పంపేస్తుందట. కళ్లకు తగలకూడదని గంతలు కట్టారు. నా చూపుడువేలంత లేని చెయ్యి ఆ గంతను లాగేసుకోవాలని చూసేది. పాలిచ్చేటప్పుడు తప్ప ఎత్తుకోనిచ్చేవారు కాదు.

పక్క మంచం దగ్గర ఉదయగిరి వైపు నుంచి వచ్చిన తల్లి ఉండేది. బిడ్డ గుండెలో రంధ్రం. తిరుపతిలో 2021లో మొదలైన పిల్లల గుండె ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఆపరేషనుకు డబ్బు కట్టనక్కర్లేదు. ఆమె దిగులు వేరు. అక్కడ ఎన్నాళ్లుండాలి, ఎక్కడ పడుకోవాలి, పూట పూటకూ ఏం తినాలి? భర్త రొయ్యల గుంటల దగ్గర కూలి. ఒక రోజు రాకపోతే ఆ రోజు కూలి లేదు. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం ఎందరు పేదపిల్లలను బతికించిందో చెప్పనక్కర్లేదు. కానీ తోడుగా వచ్చిన తల్లి ఇడ్లీ పొట్లానికి చిల్లర లెక్కపెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. శనివారం వసూలైన డబ్బు ఇలాంటి తల్లుల భోజనానికి, దారి ఖర్చులకు అన్నారు. అందుకే వెళ్లాను.

ఇక ఆ డ్యాన్సు సంగతి. ఒకరు తాతగారి గ్రామఫోను తెచ్చి, దాని బూరా ముందు మైకు పెట్టారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల పాటే పడుతుంది. అది అయిపోగానే సూది ఎత్తి, పలక తిప్పి, మళ్లీ కీ ఇవ్వాలి. ఆ కాసేపట్లో అందరూ చెమట తుడుచుకునేవారు. అమ్మ తన పెళ్లినాటి వెంకటగిరి చీర పెట్టెలోంచి తీసి కట్టుకుంది. దగ్గరికి వెళితే కలరా ఉండల వాసన. మొదట గోడవారన కుర్చీలోంచి కదలలేదు. నాలుగో పాటకు లేచింది. తెలిసినవల్లా చిన్నప్పటి కోలాటం అడుగులే. సినిమా పాటకు ఆ అడుగులే వేసింది. చూసి మరో ముగ్గురు పెద్దావిడలు చేరారు. నాన్న పోయాక అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు.

ఆడిపాడి చందాలు పోగుచేయడం మనకు కొత్త కాదు. బడి కోసమో వరద బాధితుల కోసమో "సహాయార్థం" అని నాటకాలు వేయని ఊరు ఉందా? 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచేస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి బయలుదేరారు. జనం వాళ్లను చూడాలని వచ్చారు, చూసి ఇచ్చారు. చూడాలన్న సరదా ఉన్నంత మాత్రాన ఆ దానం విలువ తగ్గిందా? నేరుగా ఇచ్చి రావచ్చు, నిజమే. మూడేళ్లుగా ఆ వార్డు నా కళ్లలో మెదులుతూనే ఉంది. ఇచ్చి రావడానికి నేను ఒక్కసారైనా వెళ్లలేదు. ఈ డ్యాన్సు వల్లే ఇవ్వగలిగాను.

నిర్వాహకులను అడగవలసింది మాత్రం గట్టిగా అడుగుతాను. మండపం అద్దె ఎంత, పూల అలంకరణకు ఎంత, ఆసుపత్రికి చేరింది ఎంత? పైసాతో సహా రాసి బయట పెట్టండి. అంత పూల అలంకరణ అవసరమా అన్నది నా అనుమానం. వచ్చేసారి ఆ పూలు మానేయండి. ఈ లెక్క చేతికి రాగానే ఒక కాపీ తీసుకెళ్లి మా వీధి పెద్దాయనకు నేనే ఇస్తాను.