గేటు ఇవతల సైకిలు, గేటు అవతల మోటారు

మోకాళ్లు మొరాయిస్తుంటే ఈ-సైకిల్ కొన్నాను. కొన్న రోజే చట్టం కూడా చదివాను, నాకున్న జబ్బే అది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్లలోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి, లేదా మనం తొక్కడం మానేస్తే అంతకంటే ముందే అది ఆగిపోతే, ఆ సైకిలు మోటారు వాహనం కిందికే రాదు. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర్లేదు. బాగుంది. కాకపోతే నా మోటారు డబ్బా మీద సరిగ్గా 250 అని ఉంది. ‘లోపు’ అంటే 249 కదా అని మూడు రాత్రులు ఒకటే టెన్షన్.

ఢిల్లీలో రాసింది ఒక్క రూలే, తొక్కేది మాత్రం నెల్లూరు జిల్లాలో. కాలువ కట్ట ఇరిగేషన్ వాళ్లది, దిగితే పంచాయతీ డొంక, అది దాటితే హైవే సర్వీసు రోడ్డు, పెంచలకోన వైపు తిరిగితే అభయారణ్యం. కట్ట మీద కాలువ చూసుకునే లస్కరుకు నాది మోటారు బండి. డొంకలో గొర్రెలు తోలుకునే పెద్దాయనకు సైకిలు, "దానికి కరెంటెందుకబ్బయా" అని నవ్వు కూడా. కందుకూరు దాకా పోదామంటే అనుమతి కాయితం ఏ కలెక్టరాఫీసులో పెట్టాలో తెలియదు: 1970 దాకా నెల్లూరు, ఆ ఏడాది నుంచి ఒంగోలు జిల్లా, అదే తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు, ఆపైన మళ్లీ ప్రకాశం మాట. దారి మాత్రం ఉన్నచోటే ఉంది పాపం.

అమెరికాలోనూ ఇంతేనట, నేషనల్ పార్కులో సూపరింటెండెంటు ఒప్పుకుంటే సైకిలు, పక్కనే ఫారెస్ట్ సర్వీసు నేల మీదికి పోతే అదే మోటారు వాహనం. మనం వెనకబడలేదని తెలిసి ఆ రోజు రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

మొన్న ఒక అడవి గేటు దగ్గర ఆపారు. ఏ గేటో చెప్పను, ఆపినాయన ఉద్యోగం చేసుకునే మనిషి.

"మోటారుందా?"

"ఉంది సార్, 250 వాట్లు. మా ఇంట్లో మిక్సీ 750."

"మిక్సీ అయినా లోపలికి పోనీయం."

చట్టాన్ని గౌరవించాలి కదా, అక్కడే బ్యాటరీ ఊడదీసి గుడ్డ సంచిలో వేసుకున్నాను, ఇప్పుడిది అచ్చం సైకిలే సార్ అన్నాను. ఆయన ఒకసారి నా మోకాళ్ల వైపు, ఒకసారి ముందున్న ఎత్తు వైపు చూసి గేటెత్తాడు. నేనే కదల్లేదు.