తెర మీద పడిన జడ

మొన్న మన సంఘం ఉగాది సంబరాలకు వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. భోజనాలకు కాస్త ముందు మా మేనల్లుడు సత్యభామ వేషం వేశాడు. ఇద్దరు తెర పట్టుకున్నారు. సత్యభామ కథ ఆడే కూచిపూడి భామాకలాపం పద్ధతి ప్రకారం ముందు జడ వచ్చి తెర మీద పడింది. వెనక వరసల్లోంచి ఈల వినపడింది. "భామనే సత్యభామనే" అనే ప్రవేశం పాట, అదే దరువు, ఎత్తుకుని తెర తీసేసరికి మగపిల్లాడని తెలిసి ఇంకో నాలుగు ఈలలు, నవ్వులు. మైకు పట్టుకున్నాయన "ఈ కొత్త ఆంటీ ఎవరండీ?" అన్నారు.

పిల్లాడి అడుగు తప్పలేదు. పదహారేళ్లవాడు, ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాడు. ఇంటికి వస్తుంటే కారు వెనక సీట్లో కూర్చుని జడబిళ్లలు ఒక్కొక్కటే తీస్తూ, "మామయ్యా, నవ్వడానికి నేనేం చేశాను?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

అదే సాయంత్రం ఒక పాప "మీరజాలగలడా నా యానతి" పాడింది. ఎంత బాగా పాడిందని! సుశీలమ్మ పాట, జమున గారి సినిమా అని పరిచయం చేశారు. నిజమే, 1966లో వచ్చిన సినిమాలో అలాగే విన్నాం. కానీ ఆ పాట అంతకు చాలా ఏళ్ల ముందే నాటకానిది. ముత్తరాజు సుబ్బారావు గారి 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ వేషం కోసం, స్త్రీ వేషాలకు పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు తానే రాసుకున్నారు. చీర కట్టుకుని, జడ వేసుకుని, ఊరూరా తానే పాడారు. ఆయన పాటకు చప్పట్లు కొట్టిన హాల్లోనే, ఆయన దారిలో నడిచిన పిల్లాడికి ఈలలు పడ్డాయి. నా బాధ అక్కడుంది.

స్థానం వారిది బాపట్ల, పుట్టింది 1902లో. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషధారి రాలేదట. ఆ వేషం వేయడానికి ఈయన ముందుకొచ్చారు. తర్వాత తెనాలి రామవిలాస సభ అనే నాటక సమాజంలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, దేవదేవి అయ్యారు. ఒక్కొక్కతెకు ఒక్కో నడక, ఒక్కో చూపు. వెండితెర మీదా కనిపించారు గానీ ఆయన ఇల్లు నాటకమే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో పోయారు.

మా అమ్మమ్మ ఆయన్ని తెనాలిలో చూసింది. కొత్త కాపురం రోజులు. అత్తగారిని బతిమాలుకుని, ఎడ్లబండి మీద పడి వెళ్లిందట. "ఆ ఒక్క పల్లవినే ఎన్నిసార్లు పాడాడో లెక్కలేదురా. ఒకసారి పాడితే గర్వం, ఇంకోసారి గారం, మళ్లీ పాడితే ఎక్కడో భయం. తెల్లారిపోయింది, ఒక్కరూ లేవలేదు" అనేది. మొగాడని తెలియదా అని అడిగితే, "తెలుసు. తెలిసినా సత్యభామే కదా కనపడింది" అనేది. ఎనభై ఏళ్లు దాటాక కూడా, కొంగు భుజం మీదికి లాక్కుని, ఆయన మెడ ఎలా తిప్పేవాడో చూపించేది. పదో క్లాసు చదివిన మనిషి కాదు. ఆమెకు ఎవరూ ఇది కళ అని చెప్పలేదు.

మన ఊళ్లలో అంతా గొప్పే అని నేననను. ఆడవాళ్లు రంగస్థలమెక్కితే పరువు పోతుందన్న రోజులవి. సురభి నాటకాల వారి కుటుంబాల్లో ఆడవాళ్లు ఆడుతూనే ఉన్నా, చాలా నాటక సమాజాల్లో మగవాళ్లే స్త్రీ వేషాలు కట్టడానికి ఆ కట్టుబాటూ ఒక కారణం. కూచిపూడిలోనూ అంతే. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ కట్టుబాటు లోంచే వచ్చినా ఆ విద్యను నాటకంలో స్థానం వారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఎక్కడికి తీసుకెళ్లారో మరిచిపోతే ఎలా? చీర కట్టిన మగవాడు నవ్వించడానికే ఉన్నాడని సినిమాలు, టీవీ స్కిట్లు మనకు అలవాటు చేశాయి. మన సంఘం వేదిక మీద కూడా ఏటా అలాంటి స్కిట్ ఒకటి పెడుతున్నాం. నేను కమిటీలో ఉన్న రెండేళ్లూ నేనూ దానికి చేయి ఎత్తాను. ఈల వేసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు ఇంకోటి చూపించలేదు మనం.

అందుకే అడుగుతున్నాను. దసరా కార్యక్రమంలో ఒక్క నలభై నిమిషాలు ఇవ్వండి. భోజనాల ముందు కాదు, మొదట్లో. హాల్లో దీపాలు ఆర్పండి. స్థానం నరసింహారావు ఎవరో పిల్లలకు ఇంగ్లీషులోనైనా సరే రెండు మాటలు చెప్పండి. ఆయన గొంతు గ్రామఫోను రికార్డుల్లో ఉంది, అది ఒకసారి వినిపించండి. ఆ పాట పాడిన పాపను మళ్లీ పిలవండి. ఈ ఏడాదికి ఆ స్కిట్ మానేయండి.

మళ్లీ సత్యభామ వేషం వేస్తావా అని మేనల్లుణ్ణి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెర ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు. ఒక కొస నేను పట్టుకుంటానన్నాను. రెండో కొసకు మీలో ఒకరు రావాలి.