గుర్రప్పిల్లకు మోలియేర్ ఇల్లు

(పారిస్‌లో మూడో అంతస్తు ఇల్లు. టీవీలో ‘ఓ తెయాత్ర్ సె స్వార్’ (ఈ రాత్రి నాటకశాలలో) అనే పాత కార్యక్రమంలోని నాటకం నడుస్తోంది. అక్క చొక్కాకు గుండీ కుడుతోంది. లాటిన్ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తమ్ముడు బనీనుతో నిలబడి ఉన్నాడు.)

తమ్ముడు: అరగంట నుంచి ఒక్క గుండీ కుడుతున్నావు అక్కా. నీ దృష్టంతా ఆ కళ్లు తిప్పే లావుపాటి మనిషి మీదే ఉంది.

అక్క: ఆయన పేరు జాఁ లె పులాఁ. ఈయన ఇలాంటి నాటకాల్లో నటించేవాడు, వాటికి దర్శకత్వమూ వహించేవాడు. నీకు చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంకో మనిషి కావాలి.

తమ్ముడు: లె పులాఁ అంటే గుర్రప్పిల్ల! ఇంటిపేరుకూ ఒంటికీ ఎక్కడా పొంతన లేదు. అయినా మూడు తలుపులు, ఒక మొగుడు, బీరువాలో ఒక ప్రియుడు ఉంటే చాలు, దాన్ని మీరు నాటకం అనేస్తారు.

అక్క: 1966లో పియెర్ సబా ఈ కార్యక్రమం మొదలుపెట్టి, మరిన్యీ వంటి పారిస్ నాటకశాలల్లో ప్రేక్షకుల ఎదుట ఆడిన నాటకాలను చిత్రీకరించి, సుమారు ఇరవై ఏళ్లలో 400కు పైగా నాటకాలను, పారిస్ ముఖం చూడని ఊళ్లకు కూడా చేర్చాడు. టికెట్టు కొని ఎరగని మన అమ్మ, నాటకం వచ్చే రాత్రి చెవులకు ముత్యాలు పెట్టుకుని మరీ టీవీ ముందు కూర్చునేది. మరిచిపోయావా?

తమ్ముడు: ఎలా మరిచిపోతాను? చివర్లో “రంగాలంకరణ రోజే ఆర్త్, దుస్తులు దొనాల్ కార్డ్‌వెల్” అని ప్రకటిస్తుంటే, ఆవిడ కూడా గొంతు కలిపి, పక్కింటివాళ్లకు వినబడేలా చెప్పేది. నా బాధ అది కాదు. 1680లో రాజాజ్ఞతో ఏర్పడిన కొమెదీ ఫ్రాన్సేజ్‌కు, పదిహేడో శతాబ్దపు హాస్యనాటక రచయిత మోలియేర్ పేరిట ‘మోలియేర్ ఇల్లు’ అని లోకమంతా పిలుచుకునే నాటక సంస్థకు, 1986లో ఈ కళ్లు తిప్పే మనిషిని అధిపతిగా కూర్చోబెట్టారు!

అక్క: వీధిలోంచి పట్టుకొచ్చి కూర్చోబెట్టారా? అప్పటికే ఆయన ఆ బృందంలో నటుడు. మోలియేర్ నాటకంలో, గద్యమంటే ఏమిటో తెలియకుండా జీవితమంతా గద్యమే మాట్లాడిన ముస్యూ జుర్దేన్ వేషం అక్కడే వేశాడు. ఆ వేషం నీకు సరిగ్గా సరిపోతుంది, నీవు ఉప్పు అడిగినా వ్యాసంలాగే ఉంటుంది.

తమ్ముడు: మోలియేర్ టీవీలో కనిపించలేదు.

అక్క: ఆ కాలంలో టీవీ ఉండి ఉంటే, రాజుగారి కాళ్లు పట్టుకుని అయినా వారానికొక రాత్రి సంపాదించి ఉండేవాడు. రాసి, ఆడించి, తనే వేషం కట్టి నవ్వించిన మనిషికి నామోషీ ఎక్కడిది?

తమ్ముడు: సరే, ఏం సాధించాడు? రెండేళ్లు కూడా సరిగ్గా ఉండలేదు.

అక్క: ఉండనివ్వనిది చావు. 1988 మార్చి 1న, 63 ఏళ్లకే, పదవిలో ఉండగానే పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆంత్వాన్ వితేజ్, నీవు దేవుడిలా కొలిచే ఆ గంభీరమైన దర్శకుడు, 1990లో అదే పదవిలో ఉండగా పోయాడు. ఆయనను మాత్రం ఏనాడూ ఇలా దెప్పిపొడవలేదు.

తమ్ముడు: వితేజ్ సంగతి వేరు! నాకు చొక్కా ఇవ్వు, బయటికి పోతాను.

(చొక్కా లాక్కుని, గుండీ తప్పు కాజాలో పెట్టుకుని, ఇల్లదిరేలా తలుపు వేసి వెళ్లాడు. తాళంచెవి బల్ల మీదే ఉంది. క్షణం తర్వాత తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది.)

అక్క: పాత రోజుల్లో నాటకశాలలో తెర లేచే ముందు కర్రతో మూడు దెబ్బలు కొట్టేవారు కదా, అవి పడ్డాయి. అమ్మలా చెప్పు, తలుపు తీస్తాను.

తమ్ముడు (బయటి నుంచి, చాలాసేపటికి): రంగాలంకరణ రోజే ఆర్త్, దుస్తులు దొనాల్ కార్డ్‌వెల్. అక్కా, చలేస్తోంది.