మంచూరియాని అడగని ప్రశ్న రావియోలీకెందుకు?

మొన్న ఇక్కడ అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో, మన తెలుగువాళ్ళ సంఘం దీపావళి వేడుకకి వచ్చినవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. స్టార్టర్ల టేబుల్ మీద పెట్టిన ఒక ట్రేని వాలంటీర్ ఒకాయన తీసుకెళ్ళి పిల్లల పిజ్జా డబ్బాల పక్కన పెట్టారు. కాసేపటికి మైకులో, "మెయిన్ టేబుల్ మీద మన సంప్రదాయ వంటకాలే ఉంటాయి, దయచేసి సహకరించండి" అని వినబడింది. ఆ ట్రేలో ఉన్నవి వేయించిన రావియోలీలు, అంటే పల్చటి పిండిలో కూరు పెట్టి మూసే ఇటాలియన్ వంటకం. చేసింది తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి, వాళ్ళ అమ్మమ్మ, కొంతవరకు నేను. కాబట్టి ఈ విషయంలో నేను నిష్పక్షపాతంగా రాస్తానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం.

ఆ ట్రే తీసిన చోట ఏం పెట్టారో కూడా చెప్పాలి. గోబీ మంచూరియా. దాని పక్కన వెజ్ స్ప్రింగ్ రోల్స్. మంచూరియాని 1970లలో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే చైనా మూలాలున్న వంటాయన పుట్టించారని చెబుతారు. మా తాతగారికి దాని పేరు కూడా తెలియదు. అయినా అది సంప్రదాయం కిందికి వచ్చేసింది. మిర్చిబజ్జీలూ ఉన్నాయి. మిరపకాయ పోర్చుగీసు ఓడలెక్కి రాకపోతే మనకి బజ్జీ ఎక్కడిది? కజ్జికాయలు మాత్రం అచ్చంగా మనవే, కాదనను. కానీ అవి గ్రోసరీలో కొన్న ప్యాకెట్లు విప్పి పళ్ళెంలో పోసినవి. ఎత్తిపొడుపు కాదు, అందరికీ ఉద్యోగాలున్నాయి. నాకు తెలిసి ఆ వరసలో ఇంట్లో పిండి తడిపి, ఒత్తి, వేయించి తెచ్చింది మాత్రం ఆ ఒక్క ట్రేయే.

అసలు ఇది ఎలా మొదలైందంటే, స్కూల్లో మా అమ్మాయికి 'మీ ఊరి వంట' అని ఏదో అసైన్‌మెంట్ ఇచ్చారు. తెనాలి గురించి రాస్తుందనుకున్నాను. తను సెయింట్ లూయిస్ గురించి రాసింది. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, తప్పేముంది? ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా మొదట చెప్పేది టోస్టెడ్ రావియోలీయే, పేరుకి టోస్టెడ్ గానీ నూనెలో వేయించేదే. పిల్లలైతే ముద్దుగా 'టీ-రావ్స్' అంటారు. పండగకి అదే చేసి పట్టుకెళ్దామంది. అప్పటికి మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడ గుడ్డు ముట్టరు. రావియోలీ పిండిలో మామూలుగా గుడ్డు కలుపుతారు, పైన బ్రెడ్ పొడి అంటడానికీ గుడ్డులోనే ముంచుతారు, ఇక్కడి హోటళ్ళలో లోపల పెట్టేది ఎక్కువగా మాంసం. "ఇన్ని ఉన్నాక ఇంకేం మిగిలిందే తల్లీ?" అన్నారావిడ.

మిగిలింది చాలానే ఉందని ఆ శనివారం తేలింది. రెండు పాళ్ళు మైదా, ఒక పాలు సన్నరవ్వ, ఉప్పు, చెంచాడు నూనె, గోరువెచ్చని నీళ్ళు. పూరీపిండికంటే కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టారు. రికోటా చీజ్‌ని ముందురోజు రాత్రే గుడ్డలో మూటకట్టి సింకు కుళాయికి వేలాడదీశారు. నీరు మిగిలితే అది నూనెలో పగిలి మొహం మీదికి చిమ్ముతుంది. పాలకూర ఉడికించి, పిండి, అందులో కలిపారు. మిరియాలు, ఉప్పు. ఎవరూ చూడకుండా రెండు పచ్చిమిరపకాయలు కూడా పడ్డాయని తర్వాత తెలిసింది. పల్చగా ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, చెంచాడు కూరు పెట్టి, అంచు తడిచేసి మడిచారు. మా అమ్మాయి యూట్యూబులో చూసినట్టు ఫోర్కుతో నొక్కుతోంది. అత్తయ్యగారు కాసేపు చూసి, "ఇది కజ్జికాయే కదుటే, ఇలా ఇవ్వు" అని చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి అంచుని చిటికెడు చిటికెడుగా మడుస్తూ, జడ అల్లినట్టు అరచంద్రం చుట్టూ తిప్పేశారు. మా అమ్మాయి ఫోర్కు పక్కన పడేసింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు తెలియదు కానీ, ఒక్కసారి కూడా నన్ను మధ్యవర్తిగా పిలవలేదు.

వేయించడం నా వంతు. మన ఇళ్ళలో నూనె బాణలి ఎక్కడ పెడతామో మీకు చెప్పక్కర్లేదు. గ్యారేజీలోనే. కార్లు బయటికి తీసి, తలుపు సగం లేపి, ప్రొపేన్ బర్నర్ వెలిగించాను. గుడ్డుకి బదులు మజ్జిగలో మైదా, కార్న్‌ఫ్లోర్ జారుగా కలిపి అందులో ముంచి, ఎండు ఒరెగానో కలిపిన బ్రెడ్ పొడిలో దొర్లించి, అరగంట ఫ్రీజర్లో పెట్టాం. దాంతో పొడి రాలకుండా పట్టుకుంటుంది. నూనె 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. ఇంకా కాగితే పైన మాడుతుంది, లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. వాయికి ఐదారు మించి వేయకూడదు. రెండు మూడు నిమిషాల్లో దోరగా తేలతాయి. లోపల నంజుకోవడానికి మారినారా అనే టమాటా సాస్ ఉడుకుతుంటే అత్తయ్యగారు మూత తీసి చూసి, "పోపేదీ?" అని అడిగారట. పైన పర్మెజాన్ చీజ్ చల్లాలి గానీ మేం చల్లలేదు. అసలు పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెనెట్ వాడతారు. వెజిటబుల్ రెనెట్ అని, మైక్రోబియల్ రెనెట్ అని లేబుల్ మీద ఉన్న చీజ్ అయితేనే శాకాహారులు తినగలరు. ఆ పూటకి అది దొరకలేదు.

ఇప్పుడు అవతలివాళ్ళ మాట. టేబుల్ దగ్గర ఒకావిడ "ఇందులో గుడ్డు ఉందా?" అని అడిగారు. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. రావియోలీ అనగానే ఈ ఊళ్ళో మాంసం గుర్తొస్తుంది. ముందు కార్డు లేదు, చెప్పేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు తెలియక తింటే ఎవరు జవాబుదారీ? కమిటీవాళ్ళు దాన్ని కాసేపు పక్కన పెట్టి మమ్మల్ని పిలిచి అడిగుంటే నేనే మెచ్చుకునేవాణ్ణి. వాళ్ళంతా జీతం లేకుండా, పొద్దున్నుంచి తిండి లేకుండా తిరిగినవాళ్ళు, అది కూడా నాకు తెలుసు. కానీ మైకులో చెప్పిన కారణం గుడ్డు కాదు, సంప్రదాయం. మా అమ్మాయి "ఇట్స్ ఫైన్, నాన్నా" అంది. టీనేజర్లున్న ఇళ్ళవాళ్ళకి ఆ మాటకి అర్థం విప్పి చెప్పక్కర్లేదు.

మనలో ఒక పద్ధతి ఉంది. కొత్త వంటకం తెస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాం, తర్వాత "ఎక్కడ కొన్నారు?" అంటాం, ఆ తర్వాత పక్కింటావిడ ఏమంటారోనని ఆగుతాం. ఈ లోపల అది చల్లారిపోతుంది. అదే మంచూరియా క్యాటరర్ స్టీలు పళ్ళెంలో వస్తే ఏ ప్రశ్నా ఉండదు. మన దృష్టిలో క్యాటరర్ తెచ్చిందల్లా సంప్రదాయం, పిల్లలు తెచ్చిందల్లా ప్రయోగం.

2017లో తానా మహాసభలు మన ఊళ్ళో జరిగినప్పుడు బంధువులని ఎంతమంది 'ది హిల్' అనే ఇటాలియన్ పేటకి తీసుకెళ్ళలేదు? నేనూ తీసుకెళ్ళాను. ఎరుపు తెలుపు ఆకుపచ్చ రంగులేసిన ఫైర్ హైడ్రెంట్ల దగ్గర ఫోటోలు తీశాను. సెయింట్ ఆంబ్రోస్ చర్చి ముందు మూటాముల్లెతో నిలబడ్డ ఇటాలియన్ దంపతుల విగ్రహం చూపించాను. ఇక్కడి మట్టిగనుల్లో, ఇటుకబట్టీల్లో పనికోసం లొంబార్డీ, సిసిలీల నుంచి వచ్చినవాళ్ళ పేట అది. బేస్‌బాల్ ఆటగాడు యోగి బెర్రా పెరిగింది ఆ వీధుల్లోనే. 1940లలో అక్కడి హోటల్లో ఒక వంటాయన నీళ్ళలో వేయాల్సిన రావియోలీని నూనెలో వేశాడని కథ. ఆ హోటల్ మాదంటే మాదని రెండు మూడు చోట్ల ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఆంజెలోస్ అని ఒకరు, ఓల్డానీస్ అని ఇంకొకరు. ఏదైనా, బ్రెడ్ పొడి అద్ది వేయించే ఈ వంటకం ఇటలీలో పుట్టింది కాదు, ఊరొదిలి వచ్చినవాళ్ళు ఇక్కడ పుట్టించుకున్నది. వాళ్ళ పండగల్లో అది మెయిన్ టేబుల్ మీదే ఉంటుంది. మన పిల్లలు కూడా ఊరొదిలి వచ్చినవాళ్ళ పిల్లలే కదా. వాళ్ళు చేసింది పిజ్జా డబ్బాల పక్కకి ఎందుకు వెళ్ళాలి?

ఉగాదికి ఏం చేద్దామని మా అమ్మాయిని అడిగితే "ఏదైనా ఆర్డర్ చేద్దాం" అంది. నాకు బాధేసింది అందుకే.

కమిటీవారికి నా మనవి ఇది. ఉగాది పాట్‌లక్ సైన్-అప్ షీటులో ఒక గడి పెంచండి: గుడ్డు, పాలు, గింజలు, మాంసం, చీజ్‌లో రెనెట్, ఏమున్నాయో తెచ్చినవాళ్ళే రాయాలి. ప్రతి పళ్ళెం ముందు కార్డు పెట్టండి, క్యాటరర్ మంచూరియా ముందు కూడా. శాకాహారం టేబుల్ విడిగా ఉంచండి, దానికి నేనే కాపలా ఉంటాను. పచ్చడి, బొబ్బట్లు, పులిహోర వాటి చోటునే ఉండాలి, అందులో రాజీ లేదు. ఆ తర్వాత మిగిలిన జాగాలో మాత్రం ఇంట్లో చేసి తెచ్చినదానికి ముందు వరస ఇవ్వండి, అది ఏ దేశం పేరుతో ఉన్నా సరే.

అప్పటికి మా అత్తయ్యగారు తెనాలి వెళ్ళిపోతారు. గ్యారేజీలో బాణలి దగ్గర నేనుంటాను. అంచులు మడవడానికి మా అమ్మాయికి తోడు ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలి. మీ ఇంట్లో ఉంటే ముందురోజు సాయంత్రం నాలుగింటికి పంపండి, పాత బట్టలేసి.