యుద్ధం వద్దన్న పాటకు తాళం ఎవరి చేతిలో ఉంది?

ఎక్కడ యుద్ధం మొదలైనా ఒక నిట్టూర్పు వినిపిస్తుంది: వియత్నాం రోజుల్లోలాగా ఇప్పుడెవరూ పాడరేం? ఈ తరం గాయకులకు దమ్ము లేదన్న తీర్పూ వెంటనే వచ్చేస్తుంది. ఇలా అనేవాళ్లు ఆ రోజుల్ని సగమే గుర్తుపెట్టుకున్నారు.

1967 సెప్టెంబరు. అమెరికాలో సీబీఎస్ టీవీ వారి స్మదర్స్ బ్రదర్స్ షో కోసం జానపద గాయకుడు పీట్ సీగర్ ఒక పాట పాడాడు. 1942లో లూసియానాలో శిక్షణలో ఉన్న సైనిక దళం కథ అది. లోతెంతో చూసుకోకుండానే కెప్టెన్ నది దాటమంటాడు. నీళ్లు మోకాళ్ల దాకా, నడుం దాకా, మెడ దాకా వస్తాయి. ఆ మూర్ఖుడు మాత్రం పదండి పదండి అంటూనే ఉంటాడు. చివరికి మునిగేది అతనే. పాటలో వియత్నాం ఊసే లేదు. అయినా ఆ కెప్టెన్ అప్పుడు ఆ యుద్ధం నడిపిస్తున్న అధ్యక్షుడు లిండన్ జాన్సనేనని వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. సీబీఎస్‌కు అందరికంటే ముందే తెలిసింది. పాటను కత్తిరించి మిగతా షో ప్రసారం చేసింది. గొడవ అయ్యాక, 1968 ఫిబ్రవరిలోగానీ అది జనం చెవిన పడలేదు. దీనికి ఏ నిషేధ చట్టమూ అవసరపడలేదు.

మోటౌన్ రికార్డుల కంపెనీ ఇంకా తెలివైనది. టెంప్టేషన్స్ బృందం 1970లో పాడిన యుద్ధ వ్యతిరేక గీతం ‘వార్’ను సింగిల్‌గా (విడి రికార్డుగా) తెస్తే సంప్రదాయవాద శ్రోతలు దూరమవుతారని భయపడి, అంత పేరు లేని ఎడ్విన్ స్టార్ చేత మళ్లీ పాడించింది. పోతే చిన్న గాయకుడే పోతాడు! తీరా ఆ పాట అమెరికా పాటల జనాదరణ పట్టిక బిల్‌బోర్డ్‌లో 3 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

పాటలు ఏ యుద్ధాన్ని ఆపాయని అడిగేవారున్నారు. 1966లో 5 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది సైనికుణ్ణి కీర్తించిన బారీ శాడ్లర్ పాటేనని కూడా గుర్తుచేస్తారు. నిజమే. మరి అంత పనికిరానిదాన్ని ఆపడానికి ఇంత ఆయాసం దేనికి?

1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయి మధ్యతరగతి ఇళ్లలో వేడి తగ్గిన మాట వాస్తవం. కానీ ఇలాంటి పాటలకు అసలు దెబ్బ 1996లో పడింది. ఒక కంపెనీకి దేశం మొత్తమ్మీద 40 రేడియో స్టేషన్లు మించకూడదన్న పరిమితిని ఆ ఏడాది టెలికమ్యూనికేషన్స్ చట్టం ఎత్తేసింది. అయిదేళ్లు తిరిగేసరికి క్లియర్ చానెల్ చేతిలో వెయ్యికి పైగా స్టేషన్లున్నాయి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆ కంపెనీలో ‘ఆలోచించి వేయండి’ అంటూ 150కి పైగా పాటల జాబితా తిరిగింది. అందులో జాన్ లెనన్ శాంతి గీతం ‘ఇమాజిన్’ ఉంది, స్టార్ పాడిన ‘వార్’ కూడా ఉంది. నిషేధం కాదన్నారు. ఉద్యోగం చేసేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

2003లో ఇరాక్ దాడికి ముందు లండన్ వేదికపై డిక్సీ చిక్స్ బృందం గాయని అధ్యక్షుడు బుష్‌ను తప్పుపడుతూ ఒక్క వాక్యం అన్నందుకు క్యుములస్ అనే రేడియో కంపెనీ తన కంట్రీ సంగీత స్టేషన్లన్నిటిలో వారి పాటల్ని నెల రోజులు ఆపేసింది. వాళ్లు పాడిందానికి కాదు, మాట్లాడినదానికి! అయితే అప్పుడు కంపెనీ అధిపతిని సెనేట్ కమిటీ పిలిచి నిలదీయగలిగింది.

ఇప్పుడు ఆ అవకాశమూ లేదు. స్టేషన్ స్థానంలోకి యాప్ వచ్చింది. పాట సర్వర్‌లో ఉంటుంది, ఎవరి సిఫార్సుల్లోనూ కనిపించకపోవచ్చు. జాబితా లేదు, సంతకం లేదు. ఏ పాటను ఎందుకు వెనక్కి నెట్టారో స్ట్రీమింగ్ కంపెనీలు బయటపెట్టాలని చట్టం చేయాలి. గాయకుల దమ్ము సంగతి ఆ తర్వాత చూద్దాం.