సవరణ: టైగర్ ట్యాంకుల చైన్లు మార్చింది గేజ్ కోసం కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు టైగర్ ట్యాంకులను రైలెక్కించే ముందు చైన్లు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీలు) మార్చేవారన్నది నిజమే. రష్యా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, వేరు కాబట్టే అలా చేశారని మొన్నటి పోస్టులో ఉంది, అది తప్పు. 725 మిల్లీమీటర్ల వెడల్పున్న యుద్ధపు చైన్లతో ట్యాంకు వెడల్పు సుమారు 3.7 మీటర్లు. వ్యాగన్ దాటి బయటికి పొడుచుకొస్తే ఎదురొచ్చే రైలుకో, సొరంగం గోడకో తగులుతుంది. అందుకే బయటి వరస చక్రాలు ఊడదీసి, 520 మిల్లీమీటర్ల చైన్లు తొడిగేవారు. దిగాక మళ్లీ పాతవి ఎక్కించాలి, అదీ 50 టన్నులు దాటిన బండికి! సిబ్బంది తిట్టుకోకుండా ఉంటారా?

గేజ్ తలనొప్పి వేరే. సోవియట్ లైన్లు 1524, జర్మనీవి 1435 మిల్లీమీటర్లు. ఆక్రమించిన చోట ఒక పట్టాను లోపలికి జరిపి స్లీపర్లకు మళ్లీ మేకులు కొట్టేవారు.