మెడ గడ్డకు టీబీ మందులు రాసేముందు ఎల్‌డీహెచ్ చూడండి

మెడ పక్కన బిళ్ళ కడితే మన దగ్గర ముందు గుర్తొచ్చేది టీబీ. అందులో తప్పు లేదు, మన దేశంలో లింఫ్ గ్రంథుల టీబీ అంత మామూలు. కానీ సూది పరీక్షలో ఏదీ తేలకపోయినా, సీబీనాట్ అనే టీబీ పరీక్షలో క్రిమి దొరక్కపోయినా 'ఎందుకైనా మంచిది, ఆరు నెలల కోర్సు వాడి చూద్దాం' అంటారే, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మందులకు మూత్రం నారింజ రంగులో వస్తుంటుంది, రాత్రి చెమటకి దిండు తడిసిపోతుంది, మనిషి చిక్కిపోతాడు, గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. టీబీ కదా, టైమ్ పడుతుందిలే అని ఇంట్లోవాళ్ళు ఇంకో నెల ఓపిక పడతారు. లింఫ్ గ్రంథుల క్యాన్సరైన లింఫోమాకీ ఇవే లక్షణాలు!

కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైమ్ ఎల్‌డీహెచ్, లింఫోమాలో అది తరచూ పెరుగుతుంది. చిన్న ఊళ్ళ ల్యాబుల్లోనూ చేస్తారు, ఖర్చు తక్కువ. జపాన్‌లో లింఫోమా అనుమానం వస్తే రక్తంలో ఐఎల్-2 రిసెప్టర్ అనే ప్రొటీన్‌ని కూడా చూస్తారు. హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమాలోనైతే గడ్డలోని రీడ్-స్టెర్న్‌బర్గ్ అనే క్యాన్సర్ కణాలే టార్క్ అనే ప్రొటీన్‌ని రక్తంలోకి వదులుతాయి, ఎక్కువమంది రోగుల్లో అది బాగా పెరిగి, కీమో పనిచేస్తుంటే పడిపోతుంది. గడ్డ తన గుట్టు తనే రక్తంలో చెబుతుంటే వినకుండా నెలలు పోగొట్టుకోవడం ఏమిటి?

ఎల్‌డీహెచ్ టీబీలోనూ, లివర్ జబ్బుల్లోనూ పెరుగుతుంది, లింఫోమా ఉన్నా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది అని డాక్టర్లు అంటారు. నిజమే. దాంతో జబ్బు పేరు తేల్చమని ఎవరూ అడగట్లేదు, ఎవరి గడ్డకి ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలో చూసుకోమంటున్నాం. తక్కువ వచ్చిందని బయాప్సీ ఆపకండి, ఎక్కువ వస్తే వారం కూడా ఆగకండి.

అసలు గొడవ ఆ తర్వాతే. కత్తి తగిలితే పాకుతుందని ఇంట్లో భయం. సూదికి వచ్చే నాలుగు కణాలు చాలవు, వీలైతే గ్రంథి మొత్తం తీయాలి, కణాల్లోని ప్రొటీన్లను రంగులతో గుర్తుపట్టే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష చేస్తేనే ఏ రకం లింఫోమానో తేలుతుంది. కీమోకి ఆరోగ్యశ్రీ ఉన్నా ముందు బయాప్సీ రిపోర్టు పెట్టాలి. హాడ్జ్‌కిన్ చాలామందిలో పూర్తిగా నయమయ్యే క్యాన్సర్, పైగా కుర్రవాళ్ళకే ఎక్కువ వస్తుంది. అలాంటి జబ్బుకి, ఫార్మలిన్ సీసాలో గడ్డ ముక్క వేసి రోగి కొడుకు చేతిలో పెడితే, అతను దాన్ని క్యారీబ్యాగ్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఆ ముక్కను చదివే పాథాలజిస్టు, ఆ పరీక్షకు కావలసిన రసాయనాలు ఉంటే అతనికి ఆ బస్సు ప్రయాణం అక్కర్లేదు.